అత్తయ్య చేతి బియ్యం

మా మేనత్త మరణవార్త హాస్టల్ ఫోనులో వచ్చింది. కళాశాలల మధ్య జరిగే డిబేట్ పోటీకి నేను ప్రతివాదనలు సిద్ధం చేసుకుంటున్న ఉదయమది. "అత్తయ్య పోయిందే, బయల్దేరు" అని మాత్రం చెప్పి అమ్మ ఫోను పెట్టేసింది. బస్సు విజయవాడ చేరేవరకు నేను ఏడవలేదు. వాదన సిద్ధం చేసుకుంటూ కూర్చున్నాను. అత్తయ్య నాకు అప్పగించి వెళ్ళిన పని అది.

మాది చేపల వ్యాపారం మీద బతికే కుటుంబం. గవర్నర్‌పేట వెనక సందులో ఇల్లు. పెట్టెల్లోంచి కరిగిన మంచునీళ్ళతో ఎప్పుడూ తడిగా ఉండే వాకిలి. చేపలు కొనడానికి కొల్లేటికి వెళ్ళిన మామయ్య పడవ తిరగబడి చనిపోయిన ఏడాది, అత్తయ్య మా ఇంటికి వచ్చేసింది. పిల్లలు లేరు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అడగనూ లేదు. నా చిన్నతనంలో ఆమె వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, అంతే.

పామర్రులో ఒక బంధువుల పెళ్ళి నాకు బాగా గుర్తుంది. అక్షింతల పళ్ళెం అందరి ముందుకూ వచ్చినట్టే అత్తయ్య ముందుకూ వచ్చింది. ఆమె పిడికెడు తీసుకుంది. పక్కనున్న పెద్దావిడ ఆమె మణికట్టు పట్టుకుని, "నువ్వొద్దులే తల్లీ, నువ్వు కూర్చో" అంటూ వేళ్ళు విప్పించి, ఆ అక్షింతలను తిరిగి పళ్ళెంలో రాల్చింది. కోపంగా అని ఉంటే ఎవరైనా ఎదురు చెప్పేవారేమో. అంత మెత్తగా అన్నదానికి ఏమని ఎదురు చెప్పాలి?

మా వీధి చివరి చర్చి ఆడవాళ్ళకు ఒక ఆచారం ఉంది. వండే ప్రతిసారీ, బియ్యం ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు దేవుని పేర పక్కనున్న డబ్బాలో వేస్తారు. శనివారం ఒకామె సంచితో వచ్చి ఇంటింటా పోగుచేసుకుని వెళుతుంది. ఆమె పక్కింటికి వచ్చిన ఒక రోజు అత్తయ్య గుమ్మంలో నిలబడి అడిగింది: "నా చేత్తో వేస్తే తీసుకుంటారా అండీ?"

"అదేం మాటమ్మా, వెయ్యండి" అని ఆమె సంచి మూతి తెరిచి పట్టుకుందట. తన విశ్వాసం గురించి ఎవరు అడిగినా అత్తయ్య అక్కడే మొదలుపెట్టేది. వాక్యమూ పాటలూ తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది తెరిచిన ఆ సంచి.

కాలవలో బాప్తిస్మం తీసుకున్నాక, కొన్నాళ్ళకు ఆ సంచి ఆమె చేతికే వచ్చింది. పోగైన బియ్యాన్ని ఆదివారం ఆరాధన ముగిశాక వండి, పెద్దాసుపత్రి బయట చెట్టుకింద, రోగుల వెంట వచ్చినవాళ్ళకు వడ్డించేది. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ఆటోవాళ్ళతో తగవులాడే మనిషైంది. "నేను పడిపోయినా పర్లేదయ్యా, సాంబారు పడిందో ఊరుకోను, మెల్లిగా తోలు" అనేది.

నేను నాస్తికురాలిని. ఇప్పటికీ అంతే. "అత్తా, ఆసుపత్రి ముందు ఆకలికి ప్రభుత్వం జవాబు చెప్పాలి. నీ సాంబారు ఆ ప్రశ్నకు మూత పెడుతోంది" అని ఆదివారాలు ఆమెతో పోట్లాడేదాన్ని.

"వెళ్ళి అరుచుకో, నేనొద్దన్నానా? ముందు ఆ వంకాయలు తరుగు."

వంకాయలు తరిగాను. నా వాదన మాత్రం వదులుకోలేదు. ఒకసారి మరీ కఠినంగా అడిగాను: "మామయ్యను తీసుకుపోయిన దేవుడికేనా నువ్వీ చాకిరీ చేసేది?" ఆమె బియ్యం కడిగిన నీళ్ళు వంచింది.

"ఎందుకు తీసుకుపోయావని రోజూ అడుగుతానే ఉన్నానే. ఏం చెప్పట్లేదు. ఈలోపు నాకో పని ఇచ్చాడు" అంది.

పోయిన వేసవిలో బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది. "అమ్మాయ్, నేను పోతే నన్ను కాల్చనివ్వకు. పెట్టెలో పెట్టి, పాట పాడి, సమాధుల తోటలో పెట్టమను. మీ నాన్నతో నేను అనలేను. నువ్వైతే వాదించి గెలుస్తావు."

"సర్వశక్తిమంతుడన్నావు కదా, ఆ చివరి రోజున బూడిదలోంచి లేపలేడా?"

"లేపుతాడులే. అయినా, లేవడానికి నాకంటూ ఓ చోటు ఉండాలనుందే."

ఆ చోటు కోసమే నేను బస్సులో వాదన పేర్చుకున్నాను. ఇంటికి చేరేసరికి పాడె కడుతున్నారు. చర్చి ఆడవాళ్ళు తెల్లచీరల్లో రోడ్డు అవతలే నిలబడ్డారు. నేను వాకిట్లో నిలబడి ఆమె విశ్వాసం, ఆమె హక్కు, ఆమె చివరి కోరిక, అన్నీ వరసగా చెప్పాను. బహుశా నా జీవితంలో అంత బాగా ఎన్నడూ మాట్లాడలేదు.

"మాతో ఎప్పుడూ అన్లేదే" అన్నాడు పెదనాన్న.

"నాతో అంది."

"నీతో ఏదైనా అంటది, నువ్వు వాదిస్తావని."

నాన్న మాత్రం కోప్పడలేదు. "మా అమ్మనీ, నాన్ననీ, బావనీ అందరినీ ఆ కృష్ణ ఒడ్డునే దహనం చేశామమ్మా. నా చెల్లిని ఒక్కదాన్నే పరాయిచోట మట్టికింద వదిలేసి ఇంటికి రమ్మంటావా? నావల్ల కాదు" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. రోడ్డు దాటి, చర్చి ఆడవాళ్ళతో నిలబడ్డ పాస్టరుగారి దగ్గరకు పరుగెత్తాను.

"మీరైనా రండి, అడగండి" అన్నాను.

"వద్దమ్మా, చావింట్లో గొడవ వద్దు. ఆమెను ప్రభువు ఎరుగును" అన్నారాయన, తల దించుకుని.

దేవుణ్ణి నమ్మేవాళ్ళు వెనక్కి తగ్గారు. నమ్మని నేనొక్కదాన్నే ఆయన తరఫున మిగిలాను.

పాడె లేపేముందు ఇంటి ఆడవాళ్ళు వరసగా వచ్చి ఆమె నోట బియ్యం వేశారు. ఆనాడు మణికట్టు పట్టుకున్న ఆ పెద్దావిడ కూడా వేసింది, ఏడుస్తూ. నా వంతు వచ్చింది. "వెయ్యమ్మా" అన్నాడు నాన్న. పిడికెడు తీసుకున్నాను. ఆమె పెదవుల మీద అప్పటికే బియ్యం నిండి, చెంపల మీదుగా జారుతోంది. నా వేళ్ళు తెరుచుకోలేదు. పిడికిలి అలాగే బిగించి లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఎవరూ ఆపలేదు.

పొయ్యి పక్కన ఆమె డబ్బా మూత వేసి ఉంది. తీశాను. ముందురోజు రాత్రి వంటదాకా ఆమె వేసిన బియ్యం సగానికి ఉంది. నా పిడికిలి అందులో విప్పాను. బయట పాడె లేచిన అలికిడి, రోడ్డు అవతల సన్నగా మొదలైన పాట. డబ్బాలోకి వంగి చూస్తే, నేను వేసిన గింజలేవో, ఆమె వేసినవేవో తెలియలేదు.