మిరప గోదాములో శాండర్

మొన్న నా శాండర్, అదే చెక్కని నున్నగా రుద్దే మిషను, గొంతు మార్చింది. ఎప్పుడూ కందిరీగలా సన్నగా మోగేది, చెక్క గిన్నె లోపల సగం పని అయ్యాక గరగరలాడి, కాస్త కాలిన వాసన వేసి ఆగిపోయింది. దాన్ని పాత తువ్వాలులో చుట్టుకుని గుంటూరు బస్సెక్కి బ్రాడీపేటలో కొన్న కొట్టుకే తీసుకెళ్లాను. కొట్టాయన విప్పి చూసి, లోపల మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయని చెప్పి, "పాతదైపోయింది మేడమ్, పక్కన పడేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. "నేనూ పాతదాన్నేనండి. నన్ను పక్కన కూర్చోమని ఇప్పటికే చాలామంది చెప్పారు. మీరు బ్రష్షులు వెయ్యండి" అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు. పని పూర్తయ్యేదాకా గోడకి వీపు ఆనించకుండా కూర్చున్నాను. మా ఇంట్లో అందరం అలాగే కూర్చుంటాం. అప్పులవాళ్లు మాకు వదిలేసి వెళ్లినవాటిలో ఈ నిటారు వెన్నొకటి.

మాది చిలకలూరిపేట దగ్గర ఊరు. తాతగారి రోజుల్లో పత్తి మిల్లు, దాని పక్కన మిరపకాయల గోదాము, రోడ్డుకి రెండు వైపులా పొలాలు ఉండేవి. నాకు ఊహ తెలిసేసరికి అవి ఒక్కొక్కటే చేతులు మారుతున్నాయి. ఎలా పోయాయన్నది మా బంధువులు నాకంటే బాగా చెబుతారు. వాళ్లకది కాఫీలోకి మంచి కబురు. చివరికి మిల్లు కూడా వేలానికి వెళ్లినప్పుడు నాన్నగారు రెండింటిని మాత్రం వదల్లేదు. ఒకటి గోదాము. రెండోది మిల్లు మరమ్మతుల షెడ్డులోని లేత్ మిషను, కొయ్యను గిర్రున తిప్పుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుకునేది. దాన్ని గోదాములో పెట్టించి, ఇస్త్రీ చొక్కాకి మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, తలుపులు లోపలినుంచి గడియ వేసి, మంచం కోళ్లూ అప్పడాల కర్రలూ తిప్పేవారు. అవి పేటలో ఒక సామాన్ల కొట్టుకి వెళ్లేవి. చీరాలలో ఎవరో చేసినవని కొట్టువాడు చెప్పాలని ఒప్పందం. మిల్లు యజమాని కొయ్య తిప్పుకుని బతుకుతున్నాడని ఊరు అనకూడదు కదా. నిజానికి ఊరందరికీ తెలుసు. ఆ మోత మూసిన తలుపుల్లోంచి బస్టాండు దాకా వినిపించేది. ఎవరైనా అడిగితే మా అమ్మ తొణక్కుండా "పిండి మర" అనేది. మేము తిన్నంత పిండి జిల్లాలో ఎవరూ తిని ఉండరని వెనకాల నవ్వుకునేవారట.

నాన్నగారికి ఒక అలవాటు. చేసిన ప్రతి వస్తువునీ దూదితో పరీక్షించేవారు. పత్తి మిల్లు మనిషి చేతికి అంతకంటే దగ్గరిది ఇంకేముంటుంది? చిటికెడు దూదిని పల్చగా లాగి చెక్క మీద మెల్లగా జార్చేవారు. ఒక్క పోగు చెక్కకి పట్టుకుని నిలిచినా ఆ వస్తువు గోదాము దాటేది కాదు. నేను వేలితో రాసి నున్నగానే ఉందని వాదిస్తే, "మన వేలు మొహమాటపడుతుందమ్మా, దూది పడదు" అనేవారు. పని ఆయన నేర్పలేదు. పెద్దింటి ఆడపిల్లకి అది నేర్పడం ఆయన వల్ల కాలేదు. చూడొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. చూసే నేర్చుకున్నాను. ఆయన తర్వాత లేత్ నాకు వచ్చింది, దాంతోపాటు తలుపు గడియ వేసుకునే అలవాటూ వచ్చింది.

నేను గిన్నెలు తిప్పుతాను. నిద్రగన్నేరు దుంగలతో వెడల్పాటి లోతు తక్కువ గిన్నెలు. చీరాలలో ఒక చీరల కొట్టాయన పెళ్లి పట్టుచీరని మడిచి, పసుపు కుంకుమలు పక్కన పెట్టి, ఆ గిన్నెలోనే కొన్నవాళ్ల చేతికిచ్చేవాడు. ఎన్నో ఏళ్లు అలా సాగింది. కొన్నేళ్ల క్రితం వానాకాలంలో వరండాలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక ఉలి పట్టుకోగలిగాను గానీ, గరుకు కాగితం పట్టుకుని గిన్నె లోపల గంటల తరబడి అదిమి రుద్దే బలం తిరిగి రాలేదు. పైగా తిరిగే గిన్నెలో కాగితం ఒకేచోట ఆనిస్తే అదే దారిలో వలయాలుగా గీతలు పడతాయి. చెక్క నార ఎదురు తిరిగిన చోట ఎంత రుద్దినా ముళ్లు లేస్తాయి. ఒకరోజు చీరాలాయన ఫోను చేశాడు. "అమ్మగారూ, గిన్నెలో గరుకు తగిలి పట్టు పోగు లేచిందండీ. పెళ్లివాళ్లు మొహం మాడ్చుకుని వెళ్లారు. ఈసారికి వేరేచోట చూసుకుంటా, ఏమీ అనుకోకండేం." గిన్నెలన్నీ వెనక్కి వచ్చాయి. నాన్నగారిలా దూది తీసి జార్చాను. గిన్నెకి తెల్లగడ్డం మొలిచింది.

ఆ వారంలోనే మా చిన్నాన్నగారి అబ్బాయి దిగాడు. వాడికి గుంటూరులో హాస్టళ్లున్నాయి. "అక్కా, ఆ గోదాము ఇచ్చెయ్యవే. హాస్టళ్లకి వంటశాల పెట్టే ఆయనున్నాడు, చూపిస్తాను. నీ చెయ్యి బాగాలేదు, గిన్నెలు తిరిగొచ్చాయంట, ఇంకేం చేస్తావు దాన్ని?" అన్నాడు.

"తిరిగొచ్చాయని నీకెవడు చెప్పాడ్రా?"

"ఊరంతా అనుకుంటున్నారక్కా. ఇప్పటికైనా ఆపితే మన ఇంటిపేరు మిగులుద్ది."

"ఆదివారం మీ వంటాయన్ని తీసుకురా. ఆ రోజుకి దూది నిలవని గిన్నె నీకు చూపించలేకపోతే తాళాలు నీ చేతిలో పెడతాను" అన్నాను. అన్నాక వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో లేదు.

మర్నాడు మణికట్టు చూపించుకోవడానికి బ్రాడీపేట డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి నేరుగా మిషన్ల కొట్టుకి నడిచాను. కొట్టాయన ముందు ఇస్త్రీపెట్టెలాంటి శాండర్ తీసి, అందరూ ఇదే కొంటున్నారన్నాడు. బల్లలకి బాగానే ఉంటుంది, గిన్నె లోపల ఇస్త్రీపెట్టె ఎలా తిరుగుతుందని అడిగాను. తర్వాత ఇనుము అరగదీసే గ్రైండర్ తెచ్చాడు. దాని వేగానికి చెక్క నునుపెక్కదు, మాడుతుంది. చివరికి అటక మీదనుంచి మెడ వంగిన చిన్న మిషను దింపాడు. ముందు పప్పుచెక్క అంత గుండ్రటి మెత్త, దానికి అంటించుకునే కాగితం బిళ్లలు, వేగం తగ్గించుకోవడానికి ఒక చక్రం. కాగితం వెనక మెత్త గట్టిదైతే అంచు దిగి గిన్నెలో గాడి పడుతుంది కాబట్టి స్పాంజి మెత్తే అడిగి పెట్టించుకున్నాను. తర్వాత దాన్ని నా పాడైన చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఎత్తగానే ఏ మిషనూ బరువుండదు, పట్టుకుని ఉండగా ఉండగా తెలుస్తుంది. నా పక్కనే మేకులు కొనుక్కునేవాళ్లు వచ్చారు, వెళ్లారు. "ఏం చేస్తున్నారు మేడమ్?" అన్నాడాయన. "బరువు చూస్తున్నానండి." "వాడేది మీరు కాదుగా, మీవారేగా?" "మావారికి మేకు కొట్టడం కూడా రాదు. ఇది నాకు." ఆయన పెట్టె కట్టాడు.

మొదటి గిన్నె నాశనం చేశాను. చేత్తో రుద్దిన అలవాటుకొద్దీ మిషన్నీ అదిమాను. ఒకచోట గుంట పడింది, వేడికి చెక్క నల్లబడింది. నొక్కడం మన పని కాదనీ, దాన్ని ఊరికే ఆనించి అంచునించి మధ్యకి మెల్లగా నడిపించాలనీ రెండో గిన్నెకి తెలిసింది. లేత్ నిదానంగా ఒకవైపు, మెత్త దానికి ఎదురుగా తిరిగితే వలయాలు వాటంతటవే చెరిగిపోతాయి. ముతక బిళ్ల గీసిన గీతలు పూర్తిగా పోయాకే సన్నది వెయ్యాలి. తొందరపడి ఒకటి దాటేస్తే దూది పట్టిస్తుంది. చిక్కల్లా చెక్కపొడితో వచ్చింది. గోధుమపిండికంటే మెత్తగా లేచి మొహం మీదికి వస్తోంది. ఆదివారం పొద్దున ముక్కుకి గట్టి మాస్కు కట్టుకుని, పొడి పైకి పోతుంది కదా అని పెద్ద ఫ్యాను తెచ్చి దూలాలకేసి తిప్పి పెట్టాను.

మా గోదాములో ఒకప్పుడు ఎన్ని పంటల మిరపకాయలు నిలవ ఉండి వెళ్లాయో ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. దూలాల మీదా పెంకుల సందుల్లోనూ ఏళ్లనాటి కారం పేరుకుని పడుకుని ఉంది. చేతిపనికి అదెప్పుడూ లేవలేదు. ఫ్యాను గాలికి లేచింది. నాకు మాస్కు ఉంది కాబట్టి ముందు కళ్లు చెమర్చాయంతే. ఆఖరి బిళ్ల నడుస్తోంది, చెయ్యి ఆపబుద్ధి కాలేదు. అప్పుడే, వస్తారని తెలిసి నేను గడియ వెయ్యని పక్క తలుపులోంచి మా తమ్ముడు వంటాయన్ని వెంటబెట్టుకుని, గోదాము ఎంత చల్లగా ఉంటుందో వర్ణిస్తూ లోపలికి వచ్చాడు. మాట మధ్యలో ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతూ గోడలు తడుముకోవడం మొదలుపెట్టారు. ఆ ఇరుకు తలుపులోంచి అంత దుమ్మూ పోదు, ఊపిరాడాలంటే ఒకటే దారి. మిరప బస్తాలు నిండుకున్నప్పటినుంచీ ఎవరూ కదపని రోడ్డువైపు పెద్ద తలుపుల గడియ సుత్తితో కొట్టి తీశాను.

ఎర్రటి దుమ్ముతోపాటు నేనూ బయటపడ్డాను, జుట్టునిండా చెక్కపొడితో, చేతిలో శాండర్‌తో. ఎదురుగా టీకొట్టు. గ్లాసులు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు. "మిల్లువారి అమ్మాయి కదంట్రా" అని ఎవరో అన్నారు. మా తమ్ముడు కండువాతో కళ్లు ఒత్తుకుంటూ, "తలుపులు ముయ్యవే అక్కా, అందరూ చూస్తున్నారు" అన్నాడు.

"చూడనీరా. ఇన్నాళ్లూ వింటూనే ఉన్నారుగా."

గిన్నె తీసుకొచ్చి, వాడి చేతిలో దూది పెట్టి జార్చమన్నాను. మొదటిసారి వాడి తుమ్ముకే దూది రోడ్డు దాటింది. రెండోసారి దూది గిన్నె అంచున మొదలై నీళ్లలా జారి అడుగుకి చేరింది. వాడు గిన్నె వంచి వెలుతురులో చూశాడు. ఒక్క పోగు నిలవలేదు. వంటాయన అప్పటికే మోటారు సైకిలు ఎక్కి, "ఇందులో వంటశాలేందండీ బాబూ, పిల్లకాయలు ఏడ్చి చస్తారు" అంటూ వెళ్లిపోయాడు. తాళాలు నా కొంగుకే ఉన్నాయి. తమ్ముడు గిన్నె నా చేతికిచ్చి, "పెదనాన్న ఉంటే ఇలా తలుపులు తెరవడానికి ఒప్పుకునేవాడు కాదు" అన్నాడు. "ఒప్పుకునేవారు కాదు. తర్వాత దూది తీసి చూసి, ఊరుకునేవారు" అన్నాను.

ఆ తలుపులు మళ్లీ మూయలేదు. దూలాలు కడిగించాను. చీరాలాయన గిన్నె లోపల పట్టు అంచు నాలుగు వైపులా లాగి చూసుకుని, గిన్నెలు మళ్లీ చేయమన్నాడు. పనిచేస్తుంటే దారినపోయేవాళ్లు నిలబడి చూస్తారు, కొందరు జాలిపడతారు కూడా. నిటారుగా నిలబడే మిషను తిప్పుతాను. కాలం మా దగ్గర తీసుకోదలచుకున్నవన్నీ తీసుకుంది, ఇంకా మిగిలిన పొద్దు మాత్రం నాది, దాన్ని నేను వెలుతురులోనే గడుపుతాను.