ఓనరమ్మగారి చిలక అలక

తిరువూరులో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మగారు ప్రతి తప్పునూ తన మీదే వేసుకునేవారు. కరెంటు పోయినా, కుళాయి ఆలస్యంగా వచ్చినా, చెయ్యి గుండెల మీద పెట్టుకుని "తప్పు నాదేనమ్మా" అనేవారు. నేను లోపల నవ్వుకునేదాన్ని.

కంటి ఆపరేషన్‌కి విజయవాడ వెళ్తూ ఆవిడ తన చిలకను నాకు అప్పగించారు. తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా పంజరం దగ్గరికి వెళ్లారు. రోజూ ఆవిడ వేలి మీద కూర్చుని జాంపండు తినే చిలక, కీచుమని అరుస్తూ మూలకు నక్కింది. ఆ తర్వాత ఆవిడ కనిపిస్తే చాలు, రెక్కలు టపటపా కొట్టుకునేది.

"వదిలేసి పోయానని అలిగింది. తప్పు నాదేనమ్మా," అంటూ పొద్దస్తమానం పంజరం ముందే కూర్చునేవారు. అన్నం కూడా సరిగ్గా తినేవారు కాదు.

చూడలేక ఒకరోజు అన్నాను. "అలకేం కాదండీ. మీ నల్ల కళ్లజోడు చూసి బెదురుతోంది. ఒక్కసారి తీసి చూడండి."

తియ్యొద్దని డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. ఆవిడ వెంటనే తీసేశారు. ఎండకి ఆ కంట్లోంచి ధారగా నీళ్లు కారుతుంటే, చిలక తల వంచి చూసి, మెల్లగా వచ్చి వేలెక్కింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

మర్నాటికి కన్ను ఎర్రగా వాచింది. "కళ్లజోడు నిన్నెవరు తియ్యమన్నారమ్మా?" అని చూడ్డానికి వచ్చిన ఆవిడ కూతురు కేకలేసింది. ఓనరమ్మగారు నా వైపు చూడకుండా చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు. ఆవిడ నోరు తెరిచేలోపే పంజరంలోంచి చిలక అనేసింది.

"తప్పు నాదేనమ్మా."

ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ మాట అనాల్సిన నేనూ వాళ్లతో కలిసి నవ్వేశాను.