రెండు గళ్లలో ఇరుక్కున్న యాకోబు

మనం తప్పు జవాబులు రాస్తూ ఉంటే కాగితం లాక్కోకుండా, ఓపికగా పక్కన కూర్చునే దేవునికి స్తోత్రం. ఇంతవరకు నడిపించిన ఆయన నామానికే మహిమ.

ఆ రోజుల్లో నంద్యాల ఇంకా జిల్లా కాలేదు, నాకింకా పెళ్లి కాలేదు. రెండూ ఈ ఏడు తప్పకుండా అయిపోతాయని అందరూ అనేవారు. నేను బియ్యం మిల్లులో గుమాస్తాను. ఆదివారం ఆరాధన ముగియగానే పత్రికలో వచ్చే గళ్ల నుడికట్టు మీద పడేవాణ్ణి. మామూలుది కాదు, మెలికలు పెట్టేది. 'కలవరంలో దొరికే కానుక, రెండక్షరాలు' అని ఆధారం ఇస్తారు. కొత్తవాడు దిగులుపడి కానుక కోసం ఎక్కడెక్కడో వెతుకుతాడు. అలవాటున్నవాడు 'కలవరం' అన్న మాటలోకే తొంగి చూస్తాడు. అక్కడ 'వరం' తీరిగ్గా కూర్చుని ఉంటుంది. ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, మిల్లులో బస్తాల మీది పేర్లు కూడా తిరగేసి చదివేవాణ్ణి (అందుకే ఒక లారీ వేరే ఊరికి పోయిందని మేనేజరు అనేవాడు, నేను ఒప్పుకోలేదు).

"అచ్చరాలు తిప్పేది చాలుగానీ, ఆళ్లగడ్డకు పోదాం పారా. సంబంధం చూసొద్దాం" అన్నాడు నాయన ఒకరోజు.

ఆళ్లగడ్డ అనగానే పత్రిక మడిచి లేచాను. ఆ అమ్మాయిని నేను అంతకు ముందే ఉజ్జీవ సభల్లో చూశాను. పాటల గుంపులో చివరన నిలబడి, అందరికంటే ముందు పాట ఎత్తుకునేది. ఆమె తప్ప ఇంకెవరూ వద్దని ప్రభువుకు విన్నవించుకుని ఉన్నాను. చిక్కల్లా వాళ్ల నాయనతోనే. ఆయన అక్కడి సంఘపెద్ద. వాక్యం సరిగా అప్పజెప్పని పెళ్లికొడుకులకు టీ ఇచ్చి, బస్సెక్కించి పంపేస్తాడని పేరు. అందుకని బస్సులో కీర్తనలు గొణుక్కుంటూనే వెళ్లాను. పక్క సీటాయన జ్వరమనుకుని నా వైపు కిటికీ మూశాడు.

తీరా వెళ్లి కూర్చుంటే సంఘపెద్ద వాక్యం ఊసే ఎత్తలేదు. మడిచిన పత్రిక నా ఒళ్లో పెట్టాడు.

"నీకు ఈ గళ్లు వస్తాయంట కదప్పా. మేము కూడా పూరిస్తాం. సూడు."

చూశాను. గళ్లన్నీ నిండి ఉన్నాయి, అన్నిటిలోనూ లేఖనాల్లోని పేర్లే. పేరు పొడవైతే ఆయన ఆగలేదు. ఇంటి పక్కకు రేకుల షెడ్డు దింపినట్టు, అంచు అవతల పెన్నుతో కొత్త గళ్లు కట్టుకుంటూ పోయాడు. మెతూషెల అయితే పక్కనున్న నగల కొట్టు ప్రకటనలో నెక్లెసు దాకా పోయి ఆగాడు.

"కోతి తిరగబడితే కాలికి కండ, రెండక్షరాలు" అని చదివాడాయన. "యాకోబు. సరేనా?"

"అది... మూడక్షరాలు కదండీ."

"ఒక గడి ఎక్కువ గీసినాగా! కాలి మీద దెబ్బ తగిలింది ఎవరికి? యాకోబుకు."

"మరి కోతి?"

"కోతి ఉత్తదే అప్పా. మనల్ని దోవ తప్పించేదానికి పెట్టినారు."

నాయన నా తొడ గిల్లి, "ఊ అనురా" అని గొణిగాడు. అనాల్సిందే. ఒక్క 'ఊ'తో ఆ అమ్మాయి నాదవుతుంది. కానీ తప్పు జవాబు కళ్లెదుట ఉంటే నా నోరు ఆగే రకం కాదు. "కోతి అంటే కపి. తిరగబడితే పిక. కాలి వెనక కండే కదా పిక!" అనేశాను.

లోపల ఎక్కడో గాజులు చప్పుడయ్యాయి.

"పిక యాడుందప్పా లేఖనాల్లో?" అన్నాడు సంఘపెద్ద, సంఘానికే అవమానం జరిగినట్టు. "సరే, సంఘం ముందర పెడదాం."

ఆ సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక. వచ్చినవాళ్లందరూ చాపల మీద కూర్చున్నాక విషయం చెప్పాడు. ఆ సంఘంలో ఏ తగువైనా సరే, ఇద్దరు సాక్షులు పలికితేనే మాట నిలుస్తుంది. బెంచీలకు ఏ రంగు వేయాలో కూడా అట్లాగే తేల్చుకున్నారట. ఇప్పుడు నా కోతికి ఇద్దరు సాక్షులు కావాలి.

"మీరు చెప్పండన్నా" అన్నారు నాయనతో.

"నాకు ఆ కోతితో పరిచయం లేదప్పా" అన్నాడు నాయన, నేనెవరో తెలియనట్టు.

నా పని అయిపోయిందనుకున్నాను. ఇంతలో గోడవారగా కూర్చున్న ఒక అవ్వ కాలు చాపింది. "పికంటే ఇదే కదప్పా! నిన్నట్నుంచి ఒకటే లాగుతాంది. పిక నిజమే. ముందు దీనికి ప్రార్థన చేయండి."

చేశారు. అందరూ కళ్లు మూసుకుని అవ్వ పిక కోసం గట్టిగా ప్రార్థించారు. ఆమెన్ అన్నాక, "ఒక సాక్షి అయింది" అన్నాడు సంఘపెద్ద, ముఖం మాడ్చుకుని. "రెండోది?"

తలుపు దగ్గర్నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది: "నేను చెప్తాండా నాయనా, అది పికే. పొద్దున కూడా చెప్పినా. పాపం, మళ్లీ మళ్లీ యాకోబునే దాంట్లో ఇరికిస్తివి."

సంఘపెద్ద తన నియమానికి తానే చిక్కాడు. పెన్ను తీసి, మరో రెండు గళ్లు గీసి, యాకోబు పక్కన పిక రాశాడు. "యాకోబు పిక. ఇద్దరికీ నష్టం లేదు" అన్నాడు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆ మీదటే టీ వచ్చింది. కప్పు అందిస్తూ ఆ అమ్మాయి మెల్లగా, "కోతిని బాగానే పట్టినావు" అంది. బస్సెక్కించమని మాత్రం ఎవరూ అనలేదు.

ఇప్పుడు మామకు చూపు తగ్గింది. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఆధారాలు చదువుతాను, ఆయన పేర్లు చెబుతాడు, అదనపు గళ్లు గీసేది నేనే. మా ఆవిడ వంటింట్లోంచి సరైన జవాబు చెబితే ఇద్దరం విననట్టు ఉంటాం. రెండక్షరాల కోసం ఒక జీవితాన్నే పోగొట్టుకోబోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత మొండిగా సరైనది పట్టుకునే ధైర్యం ఇప్పుడు నాలో లేదే అని కొంచెం బెంగ కూడా.

నాతో పాటు ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ప్రభువా, మామ కళ్లకు ఇంకొంచెం వెలుగివ్వు. మాకు తెలిసిందే సరి అనుకునేటప్పుడు మా పక్కనున్నవాళ్లకూ రొంత చోటివ్వడం నేర్పు. ఆమెన్ మీరూ అనండి.