జమ్మలమడుగులో మైత్రి కూడిక

మా చర్చిలో ఆడవాళ్ల సంఘాన్ని స్త్రీల మైత్రి అంటారు. ప్రొద్దుటూరులో మా అమ్మ దానికి అధ్యక్షురాలు, నేను కార్యదర్శిని. అంటే పెత్తనమంతా ఆమెది, పనంతా నాది. తెల్లచీరలు కట్టుకుని వారానికి ఒకరింట్లో చేరతాం. ఒక పాట, కొంచెం వాక్యం, చాలాసేపు ప్రార్థన, చివర్లో టీ, బొరుగులు. మైత్రి అంటే మాకు ఇంతే. ఆ మాటకు ఈ లోకంలో ఇంకో అర్థం ఉండవచ్చని మాలో ఒక్కరికీ తోచలేదు. తోచి ఉంటే ఆ ఆదివారం మేం వ్యాను ఎక్కేవాళ్లమే కాదు.

కబురు తెచ్చింది మా కోశాధికారమ్మ. జమ్మలమడుగులో ఉన్న ఆమె ఆడబిడ్డ వాట్సాప్‌లో పంపిందట. "ఆదివారం సాయంత్రం మైత్రి కూడిక. అందరూ ఆహ్వానితులే. టీ ఉంటుంది." కింద ఒక లొకేషను, అంతే. కూడిక అనే మాట మావాళ్లు తప్ప ఎవరూ వాడరు. మీటింగు అంటారు, సభ అంటారు, సమావేశం అంటారు. కూడిక అన్నారంటే అది మావాళ్లదే. జమ్మలమడుగు మైత్రివాళ్లు పిలిచారు, పోకపోతే మర్యాద కాదు అని అమ్మ తేల్చేసింది. నేను వ్యాను మాట్లాడాను.

జమ్మలమడుగు అనగానే నేను అమ్మ మొహం చూశాను. మా తమ్ముడు ఉండేది అక్కడే. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. వాడితోపాటు అదే ఇంట్లో ఉండేది పులివెందుల అబ్బాయి, ఫిజియోథెరపీ చేస్తాడు. కొన్నేళ్లపాటు మాకు ఆ అబ్బాయి "రూమ్మేటు". ఏడాది కిందట తమ్ముడు మా వంటింట్లో నిలబడి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మతో ఆ ముసుగు తీసేశాడు.

"అమ్మా, నాకు సంబంధాలు చూసేది ఆపేయి. చేసుకుంటే నేను వానినే చేసుకోవల్ల. ఈ దేశంలో అది కుదరదు కాబట్టి ఊరికే కలిసి ఉండాం."

అమ్మ చిక్కుడుకాయలు పూర్తిగా ఒలిచింది. తర్వాత అన్నది: "ఆ ఇంటి గడప నేను తొక్కను."

మా జిల్లా పేరే గడప నుంచి వచ్చిందంటారు. అందుకేనేమో మావాళ్ల పంతాలన్నీ గడపల మీదే ఉంటాయి. ఆ రోజు నుంచి ఆమె వాడితో మాట్లాడలేదు. ఫోన్ వస్తే నా చేతికిచ్చేది. నేను మాట్లాడి పెట్టేశాక మాత్రం అడిగేది, "తింటాండాడా?" అని. తింటున్నాడని చెబితే మొహం ముడుచుకునేది, ఆమె లేకుండా ఎలా తింటున్నాడని. లేదంటే ఇంకా ముడుచుకునేది. తల్లీకొడుకుల మధ్య నలిగి నాకు పిచ్చెక్కిపోయేది. వాళ్లిద్దర్నీ ఒక గదిలో పెట్టి బయట తాళం వేయాలనిపించేది.

చర్చి మీద కూడా నాకు కోపమే. మా పాస్టరయ్య గొంతు మంచిది, మనసు కూడా మంచిదే. కానీ అందరూ రండి అని పిలిచే ప్రసంగంలోనే ఎవరెవరు రాకూడదో వరసగా చెప్పుకుపోతాడు. ఒకసారి ఆ వరసలో మా తమ్ముడి లాంటివాళ్లు వచ్చారు. తమ్ముడు మధ్యలో లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆరాధన అయ్యాక నేను వెళ్లి పాస్టరయ్యను అడిగాను. మా ముత్తాతలు ఈ చర్చిలోకి వచ్చిందే ఊరు వాళ్లను బయట నిలబెట్టింది కాబట్టి కదా, బయట నిలబడడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం మనమే వాకిట్లో కాపలా కాస్తే ఎలా అని. "ప్రార్థన చేసుకోమ్మా" అన్నాడు. చేసుకున్నాను. నా అభిప్రాయం మారలేదు. దేవుడి అభిప్రాయం కూడా నాదేనని నమ్మకం కుదిరింది, అంతే.

సరే, వ్యాను. శనగచేల మధ్య పాటలు పాడుకుంటూ పోయాం. అమ్మ మాత్రం పాడలేదు. జమ్మలమడుగు దగ్గర పడే కొద్దీ కొంగు సర్దుకోవడం ఎక్కువైంది. సందులు తిరిగి తిరిగి వ్యాను ఒక మిద్దె ఇంటి ముందు ఆగింది. మెట్ల కింద నీళ్ల జగ్గు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మా తమ్ముడు!

వ్యాను నిండా తెల్లచీరలు దిగుతుంటే వాడు జగ్గును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అక్కా, ఏంది ఇది?"

"మైత్రి కూడికకు వచ్చినాం."

"యా మైత్రి?"

"ఎన్ని మైత్రులుండాయి రా?" అన్నాను.

వాడు నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. అప్పుడు నాకు అర్థమైంది. పులివెందుల అబ్బాయివాళ్లది బౌద్ధం తీసుకున్న కుటుంబం. అతను ఆదివారాలు మిద్దెపైన ధ్యానం నేర్పిస్తాడని తమ్ముడు ఎప్పుడో ఫోన్లో చెప్పాడు. నాకు ఏడుపు రావాలి. నవ్వు వచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగని నవ్వు.

ఈలోపు కోశాధికారమ్మ తమ్ముణ్ని గుర్తుపట్టేసింది. "మీ అబ్బాయే పెట్టినాడా కూడిక? ఒక్క మాటన్నా చెప్పల్యాదే!" అని అమ్మ చేయి పట్టుకుంది. వెనక్కి తిరిగి వ్యానెక్కితే సంఘమంతా కారణం అడుగుతుంది. అమ్మ ఇంటి తలుపు వైపు చూసింది. మెట్ల వైపు చూసింది. మెట్లు బయటి నుంచే నేరుగా మిద్దెపైకి పోతాయి. వాటికి గడప లేదు. అమ్మ కొడుకు పక్కనుంచి, వాణ్ని చూడకుండా, టకటకా మెట్లెక్కేసింది.

పైన చాపలు పరిచి ఉన్నాయి. వారం వారం వచ్చే నలుగురైదుగురు కళ్లు మూసుకుని కూర్చున్నారు. వాళ్ల మధ్యలోకి మేం చెమటలతో, హ్యాండు బ్యాగులతో, సంకల్లో పాటల పుస్తకాలతో దిగబడ్డాం. పులివెందుల అబ్బాయి లేచి నిలబడ్డాడు. అమ్మను చూడగానే ఎవరో అతనికి అర్థమైపోయింది. ఫోటోల్లో చూసే ఉంటాడు. రెండు చేతులూ జోడించి, "అమ్మా, ఇది... బుద్ధుడు చెప్పిన మైత్రి ధ్యానం" అన్నాడు.

కోశాధికారమ్మ నా వైపు తిరిగింది. "అంటే మన మైత్రి కాదా?"

అమ్మ అబ్బాయిని పై నుంచి కింది దాకా చూసింది.

"మరి కూడిక అని యాల రాసినావప్పా?"

"మీ అబ్బాయి ప్రతి మీటింగునూ కూడికే అంటాడమ్మా. వాని నోట విని విని నాకూ అదే వచ్చేస్తాంది."

మావాళ్లలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. అది అంటుకుని చాపలన్నీ నవ్వాయి. అమ్మ నవ్వలేదు గానీ కూర్చుంది. "ప్రేమగా ఉండమనే కదా చెప్పేది? చెప్పు. మాకేం కొత్త గాదు" అన్నది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. కళ్లు మూసుకోవాలి. ముందు మనం సుఖంగా ఉండాలని కోరుకోవాలి. మావాళ్లకు అక్కడే చిక్కొచ్చింది. మన కోసం మనం కోరుకోవడం స్వార్థం కాదా అని ఒకావిడ అడిగింది. "ఖాళీ బిందెతో ఎవరికి నీళ్లు పోస్తారమ్మా?" అన్నాడు. ఆమెకు నచ్చింది. "స్తోత్రం" అన్నది గట్టిగా. తర్వాత మనకు ఇష్టమైన మనిషి. స్తోత్రం. తర్వాత దారిలో కనబడే, పేరు కూడా తెలియని మనిషి. స్తోత్రం, స్తోత్రం. మౌనంగా ఉండండమ్మా అని అతను బతిమాలాడు. మావాళ్లు మౌనంగా ఉండడానికి నిజంగానే ప్రయత్నించారు. ఊపిరి బిగబట్టి, పెదవులు బిగించి కూర్చున్నారు. కాసేపటికి ఎవరో ఉండబట్టలేక సన్నగా ప్రార్థన మొదలుపెట్టారు. ఇంకొకరు అందుకున్నారు. మరు నిమిషంలో మిద్దె మీద అందరూ ఒకేసారి బిగ్గరగా ప్రార్థన చేస్తున్నారు. వారం వారం వచ్చే ధ్యానంవాళ్లు ఒక కన్ను తెరిచి మమ్మల్ని చూస్తున్నారు. నాకు కడుపు నొప్పి పుట్టేలా నవ్వు.

హోరు తగ్గాక అతను నాలుగో మెట్టు చెప్పాడు. "ఇప్పుడు మీకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకోండి."

"తలుచుకునేదేముంది?" అన్నది అమ్మ, కళ్లు తెరవకుండానే. "ఆడనే జగ్గు పట్టుకొని నిలబడుకోనుండాడు."

నా నవ్వు ఆగిపోయింది. మా వెనకే పైకొచ్చిన తమ్ముడు చివరి మెట్టు దగ్గర కదలకుండా నిలబడ్డాడు. పులివెందుల అబ్బాయి మెల్లగా అన్నాడు, "ఆ మనిషి సుఖంగా ఉండాలని కోరుకోండమ్మా."

"అది రోజూ కోరుకుంటానే ఉండాను. దానికి నువ్వు నేర్పియ్యల్నా?"

అమ్మ అంత మాట అని కళ్లు తెరిచింది. తెరిచి, లేచి, నా చెవిలో బాత్రూము ఎక్కడని అడిగింది. అమ్మకు షుగరు. ఆమె పంతాలు ఎంత గట్టివైనా బాత్రూము దాకానే. బాత్రూము కింద ఇంట్లో ఉంది. నేను ఆమె వెంట దిగాను, దారి చూపించడానికి పులివెందుల అబ్బాయి ముందు నడిచాడు. అమ్మ గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. పైన ఇన్నాళ్ల పంతం, కింద ఆగని అవసరం. గబగబా దాటేసింది.

బయటికొచ్చాక మాత్రం పైకి రాలేదు. ఇల్లు చూడటం మొదలుపెట్టింది. గోడ మీద సిలువ, దాని పక్కన బుద్ధుడి బొమ్మ. రెంటి మీదా దుమ్ము లేదని వేలితో తుడిచి చూసుకుంది. వంటింట్లో చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి గిన్నె మూత తీసి, వేలితో నాకి, "ఉప్పు శానా ఎక్కువ" అన్నది. అతను "సరేమ్మా" అన్నాడు. ఆమె గిన్నె మూత పెడుతూ, అటు తిరిగే అడిగింది.

"వానికి చిన్నప్పటినుంచి నిద్రలో పండ్లు కొరికే రోగం ఉండాది. ఇంకా కొరుకుతాండాడా?"

"కొరుకుతాండాడమ్మా," అన్నాడు అతను. అన్నాక తాను ఏం చెప్పాడో తెలిసి చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను గోడ వైపు చూశాను. అమ్మ మూత పెట్టడం ఆపేసింది.

తర్వాత దాన్ని గట్టిగా నొక్కి అన్నది, "మేలుకొల్పగాకు. మేలుకొల్పితే మళ్లా నిద్ర పట్టదు వానికి. దవడ కింద చెయ్యి పెడితే ఆపుతాడు."

"అట్లనే పెడతానమ్మా. పెడితే ఆపుతాడు."

నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో ఏడాదిగా ఎవ్వరూ ఎత్తలేకపోయిన మాట అదే. ఒక మనిషి నిద్రలో పక్కన ఎవరుంటారన్నది. అమ్మ దాన్ని ఒక రోగంలా, ఒక మందులా మాట్లాడేసింది. కొడుకు గురించి తనకొక్కదానికే తెలుసనుకున్న సంగతి ఇంకొకరికి తెలుసని ఆమెకు అప్పుడే తెలిసింది. కోపం వస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు. "మీ అమ్మ ఏమంటాది?" అని అడిగింది అతన్ని.

"శానా దినాలు మాట్లాడల్యాదమ్మా. ఆమెనక ఒకనాడు మిక్సీ చెడిపోయింది. వచ్చి బాగు చేయమని పులివెందుల నుంచి ఫోన్ చేసింది. ఇద్దరం పోయినాం."

"బాగైందా?"

"ల్యా. కొత్తది కొనిచ్చినాం."

అమ్మ పెదవి ఒక పక్క కదిలింది. పైకి నడిచింది.

మిద్దెపైన మావాళ్లు అప్పటికే ధ్యానంవాళ్లకు ఒక పాట నేర్పించేశారు. చప్పట్లతో సహా. కూడిక ముగించాలి కదా అని కోశాధికారమ్మ అన్నది. మా పద్ధతిలో అధ్యక్షురాలి ముగింపు ప్రార్థన లేకుండా ఎవరూ లేవకూడదు, అది బుద్ధుడి కూడికైనా సరే. అబ్బాయి సంతోషంగా తలూపాడు. అందరం తలలు వంచాం.

అమ్మ ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఊరిని దీవించింది, వానలను దీవించింది, వ్యాను డ్రైవరును దీవించింది. తర్వాత, "ప్రభువా, ఈ ఇంటిని దీవించు. ఈ ఇంట్లో ఉండే నా కొడుకును దీవించు" అన్నది. ఏడాది తర్వాత ఆమె నోట కొడుకు అన్న మాట. అక్కడ ఆగింది. ఆమె ప్రార్థనలో ఆగడం నేనెప్పుడూ వినలేదు. రెండో మనిషిని ఏమనాలో తెలియక ఆగిందని నాకు అర్థమైంది. స్నేహితుడు అంటుందా? రూమ్మేటు అంటుందా? నేను నా వేళ్లను నొప్పి పుట్టేలా నలుపుకున్నాను.

"వానికి నువ్విచ్చిన సాటియైన సహాయాన్ని దీవించు తండ్రీ."

"ఆమెన్" అన్నారు అందరూ, అలవాటుగా, గట్టిగా.

ఆ మాట మేం పెళ్లిళ్లలో వాడతాం. ఇంకెక్కడా వాడం. పెళ్లికొడుక్కి దేవుడు ఇచ్చిన తోడును పాస్టరు ఆ మాటతోనే పిలుస్తాడు. విని విని మాకు అది పెళ్లికూతురికి ఇంకో పేరైపోయింది. మాటలో మాత్రం ఆడా లేదు, మగా లేదు. సాటి అని ఉంది, సహాయం అని ఉంది. ఇన్నేళ్లుగా వింటూ నేను కూడా గమనించలేదు.

కోశాధికారమ్మ ఒక కన్ను తెరిచింది. "మే, మీ అమ్మ ఇప్పుడేమనింది?"

"మీరు ఆమెన్ అన్నారు కదత్తా" అన్నాను.

ఆమె ఆలోచించింది. మా సంఘంలో ఆమెన్ వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. "అంటే అన్న్యాంలే" అని చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది.

తమ్ముడు మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా తెలియడం లేదు, వాడికీ తెలియనట్టే ఉంది. నేను వెళ్లి వాడి వీపు మీద ఒకటి చరిచాను. ఆనందం పట్టలేక కొట్టిన దెబ్బ, గట్టిగానే తగిలింది.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని పులివెందుల అబ్బాయి వైపు తిరిగింది.

"రేయ్, టీ అని రాసినావు కదా, యాడ?"

అతను గబుక్కున వెనక్కి తిరిగి తమ్ముడి కోసం చూశాడు. కన్నకొడుకును తప్ప పరాయి పిల్లవాణ్ని రేయ్ అని పిలిచే మనిషి కాదామె. మెట్ల మీద నుంచి తమ్ముడు ముక్కు తుడుచుకుంటూ అన్నాడు, "నన్ను గాదు రా. నిన్నే."