స్టార్ట్ అనే ముందు

దుప్పట్లు ఉతికే ఆ ఫ్యాక్టరీలో స్టార్ట్ అనే మాటను ఒక్కరే పలకాలి. మిగతావాళ్లు భోజనం మొదలెడతారు, పాట ఎత్తుకుంటారు, బండి తీస్తారు, గొడవకు దిగుతారు. ఆ మాట జోలికి మాత్రం పోరు.

దుప్పట్లు తిప్పి ఉతికే డ్రమ్ము మనిషి నిలబడగలిగేంత పెద్దది. అడుగున పేరుకున్న నూగు గీకడానికి మనుషులు లోపలికి దిగుతారు. వాళ్లు బయటికొచ్చాక ఒకరు మాట చెప్పాలి, ఇంకొకరు బటన్ నొక్కాలి. చెప్పేవాళ్లు నొక్కకూడదు, నొక్కేవాళ్లు చెప్పకూడదు.

ఇన్నేళ్లూ ఆ మాట చెప్పిన పెద్దాయన నిన్న పని మానేశాడు. పోతూ పోతూ దాన్ని నసపిట్టకు అప్పగించాడు. అడిగిందే పదిసార్లు అడుగుతుందని ఆమెకు ఆ పేరు.

"బళ్లో దీనికి ఏం అర్థం చెప్పారమ్మా?" అన్నాడు.

"మొదలుపెట్టడం అని."

"అది బడి వరకే. ఇక్కడ దానర్థం, లోపల ఎవరూ లేరని. గొంతు విని చెప్పకు. మొహం చూసి చెప్పు."

ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. పొద్దున కూతురు బొమ్మకారు పట్టుకుని "అమ్మా, స్టార్ట్!" అని అరిస్తే చేతిలో గ్లాసు జారిపోయింది.

ఇప్పుడు డ్రమ్ములోకి ముగ్గురు దిగారు. ఇద్దరు వచ్చి ఆమె ఎదుట బట్టలు దులుపుకుంటున్నారు. మూడో మనిషి ఆమె తోడికోడలు. బటన్ దగ్గర నిలబడ్డది ఆ తోడికోడలి మొగుడే, నసపిట్టకు మరిది.

"వచ్చేశా అక్కా!"

తోడికోడలి గొంతే. ఎటునుంచో తెలియలేదు. ఆ హాల్లో ప్రతి గొంతూ పైకప్పు రేకులకు తగిలి నాలుగు వైపుల నుంచీ వస్తుంది. డ్రమ్ము తలుపు అవతలి వైపు ఉంది.

సూపర్‌వైజర్ గడియారం చూశాడు. "ఏమ్మా, ముహూర్తం పెట్టించమంటావా?"

"వచ్చేశానంటోందిగా వదినా. నోట్లో నీళ్లు పోసుకున్నావా?" మరిది నవ్వాడు. వేలు బటన్ మీదే ఉంది.

మాట నాలుక చివర నిలబడింది. మొదటి రోజే నవ్వులపాలు. ఇంకొక్క క్షణమైతే అనేసేదే. కానీ మొహం కనిపించలేదు.

"ఏదీ, ఇటొచ్చి కనపడు" అంది.

"వచ్చేశానన్నాగా! నీ నస తగలెయ్య!"

"కనపడితేనే."

అవతల డ్రమ్ము తలుపు కిర్రుమంది. తలనిండా నూగుతో, చేతిలో గీకుడురేకుతో తోడికోడలు చుట్టు తిరిగి వచ్చింది.

"ఇది లోపలే మర్చిపోయి మళ్లీ దిగా. అంతలోనే ఏం మునిగిపోయిందట?"

మరిది బటన్ మీంచి వేలు తీసేశాడు.

నసపిట్ట ముగ్గురి మొహాలూ చూసింది. "స్టార్ట్" అంది. మొదటిసారి కాబట్టి గొంతు చిన్నగా వచ్చింది.

మరిది నొక్కలేదు. పెళ్లాం మొహం చూశాడు. మిగతా ఇద్దరినీ చూశాడు. మళ్లీ పెళ్లాన్నే చూశాడు.

"ఇంకోసారి చెప్పు వదినా" అన్నాడు.

ఆమె ముగ్గురినీ మళ్లీ మొదటినుంచి చూడసాగింది.