కార్డు అంచున సగం భుజం

చీర కొనడానికి బెంగళూరు చిక్కపేటలో ఒక కొట్టుకు వెళ్లాను. గల్లాపెట్టె బల్ల మీద అద్దం, దాని కింద దేవుడి పటాల మధ్య ఒక పాత క్రికెట్ కార్డు. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చేది. అదే కార్డు విజయవాడలో మా ఇంట్లోనూ ఉంది. ఫొటో సరిగ్గా కత్తిరించకపోవడంతో స్టార్ బ్యాట్స్‌మన్ పక్కన ఎవరిదో సగం భుజం మిగిలిపోయింది. కార్డులు వేసినవాళ్లకు కత్తెర పట్టుకోవడం రాదని నవ్వుకునేవాళ్లం.

"ఈయనంటే అంత అభిమానమా?" అని అడిగాను.

"ఆయన కాదప్పా," అన్నాడు కొట్టు పెద్దాయన. "పక్కన భుజం ఉండాది చూడు, అది మాయన్నది. ఇద్దరూ స్టేట్ టీముకు కలిసి ఆడినారు. ఇండియాకు ఆడినోళ్లకే కార్డు వేసినారు. మాయన్నకు వెయ్యలేదు."

"అన్నగారు ఇప్పుడు..."

"పోయి శానా ఏండ్లాయె. ఆట గుడ్డల్లో ఆయన ఉండే ఫొటో ఇదొక్కటే."

బొటనవేలితో స్టార్ మొహం మూసి, "ఇట్ల చూడల్ల" అన్నాడు.

విజయవాడ ఇంటికి రాగానే నా కార్డు తీసి అలాగే మూసి చూశాను. ఆ భుజం మీద ఒక చెయ్యి ఉంది. స్టార్‌దే. ఇన్నేళ్లూ ఆ మొహం చూస్తూ, చెయ్యి ఎవరి మీద వేశాడో చూడనేలేదు.