నంబరు ప్లేటు మీది పసుపు

మా కారు నంబరు ప్లేటు మీద పసుపు ఎప్పుడూ చెదిరేది కాదు. చూసినవాళ్లు నాకు భక్తి ఎక్కువనుకునేవారు. భక్తి కాదు, భయం.

హన్మకొండలో నాది చిన్న టైలరింగ్ షాపు. పెళ్లి జాకెట్ల మీద మగ్గం వర్కు చేస్తాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెళ్లికూతుళ్లకు కొలతలు తీసుకోవాలి, కుట్టాక తీసుకెళ్లి తొడిగి చూడాలి. ఒకసారి వానలో స్కూటీ జారి ఎవరి ముహూర్తం జాకెట్టో బురదపాలైంది. ఆ రోజు ఆ ఇంటివాళ్లు నన్ను తిట్టిన తిట్లకు, ఇక కారు లేకుండా పల్లెకు పోనని ఒట్టు పెట్టుకున్నాను. దాచుకున్నదంతా ఊడ్చి, సెకండ్ హ్యాండ్ కార్ల డీలరు దగ్గర తెల్ల కారు కొన్నాను.

డీలరు కారిచ్చాడు, ఒక తాళంచెవి ఇచ్చాడు, ఆర్సీ జిరాక్సు ఇచ్చాడు. రెండో తాళంచెవి పోయిందన్నాడు. ఒరిజినల్ ఆర్సీ వారంలో ఇస్తానన్నాడు. ఆ వారం మాత్రం రాలేదు. ఒకసారి సర్వర్ పనిచేయడం లేదనేవాడు, ఒకసారి వాళ్లింట్లో ఎవరికో బాగాలేదనేవాడు. ఓనరు పేరు, ఊరు జిరాక్సులో ఉన్నాయి కదా, వర్ధన్నపేటే కదా, నేనే పోయి అడుగుతానన్నాను ఒకరోజు. డీలరు గొంతు తగ్గించాడు.

"అక్కా, ఆ పని మాత్రం చెయ్యకు. ఆయన మంచోడు కాదు. బండి నా పేరు మీదున్నది, అమ్మనే లేదని గుంజుకుంటడు. జర ఓపిక పట్టు, నేను చూసుకుంట."

అప్పటి నుంచి ఆ పేరుకు నేనే ఒక మనిషిని తయారుచేసుకున్నాను. పెద్ద మీసాలు పెట్టాను, ఎర్రటి కళ్లు పెట్టాను, వెనక నలుగురు మనుషుల్ని కూడా పెట్టాను. నా పనేమో సగం వర్ధన్నపేట రోడ్డు మీదే. ఆ ఊరు వస్తుందంటే కారు అద్దాలు ఎక్కించేసేదాన్ని. టీ కొట్టు దగ్గర ఎవరు తలెత్తి కారు వైపు చూసినా ఆయనే అనిపించేది. అప్పుడే ఈ పసుపు ఉపాయం తట్టింది. శుక్రవారం పూజ చేసినప్పుడు నంబరు మీద పసుపు దట్టంగా మెత్తి, పైన కుంకుమ పెట్టాను. అంకెలు కనపడలేదు. ఇక రోజూ శుక్రవారమే.

మా ఆయన ఎలక్ట్రీషియన్. కరెంటు తీగ తప్ప లోకంలో దేనికీ భయపడడు. "బండి మన ఇంటి ముందట ఉన్నది. ఇంకేం ఫికర్?" అనేవాడు. ఆ నిశ్చింత చూస్తే నాకు ఒళ్లు మండేది. భయం కూడా ఇంట్లో ఇద్దరూ పంచుకుంటే తేలికగా ఉండేదేమో.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక వకీలమ్మ ఉంది, నాకన్నా చిన్నది. ఆమె చేతులు పైకెత్తి నిలబడితే, టేపు పట్టుకుని కొలుస్తూ అంతా చెప్పేశాను. ఆమె అద్దంలోంచి నా వైపు చూసింది.

"అక్కా, నువ్వు పైసలిచ్చిన రుజువులు, డీలర్ పెట్టిన మెసేజులు అన్నీ ఒక్కకాడ పెట్టు. ముందు లీగల్ నోటీస్ పంపుదాం. పలుకకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దాం. మోసం చేసిండని పోలీసులకు కంప్లైంట్ ఇయ్యొచ్చు. ఆర్టీఏ ఆఫీసులో కూడా రాసియ్యొచ్చు. కానీ ఏం చేసినా, ఓనర్ సంతకం లేనిది బండి నీ పేరు మీదికి రాదు. ముందుగాల ఆ ఓనర్‌ను పట్టుకో."

"ఆయన గుంజుకుంటడట మేడం."

"ఎవరు చెప్పిన్రు? డీలరే కదా?" అంది. "అప్పటిదాక మాత్రం బండి బయటికి తియ్యకు. ఎవరికన్నా తగిలిందనుకో, నీకు, ఇన్సూరెన్సోళ్లకు పెద్ద పంచాయితీ అయితది."

తల ఊపాను. మర్నాడే బండి తీశాను. మాఘమాసం ముహూర్తాలు, పాలకుర్తి దగ్గర ముగ్గురు పెళ్లికూతుళ్లు నా కోసం చూస్తున్నారు, ఏం చేయను? బండి ఉన్నందుకే వాళ్లు నాకు పని ఇచ్చారు. అది పోతే పని పోతుంది, దాచుకున్నదీ పోతుంది. మళ్లీ స్కూటీ, మళ్లీ బురద.

తిరిగి వస్తుంటే మామునూరు దాటాక పోలీసులు ఆపారు. కానిస్టేబుల్ కాగితాలు అడగలేదు. వెనక్కి పోయి, తడిగుడ్డతో పసుపు తుడిచాడు.

"గిదేందమ్మా? నంబర్ కనపడొద్దని పూసినవా?"

"పూజ చేసినం సార్."

"మంచిగ చేసినవు తియ్యి," అని నవ్వి, ఫోన్‌తో ఫోటో కొట్టాడు. "చలానా ఓనర్ ఫోన్‌కే పోతది."

ఓనరు ఫోన్‌కు! ఇంతకాలం ఎవరి కంటపడకూడదని దాక్కున్నానో ఆయన చేతికే మా బండి ఫోటో పోయింది. ఇంటికొచ్చి కారు మీద కవరు కప్పి, మూలలు తాడుతో కట్టేశాను. ఫోటోలో నంబరే కదా ఉండేది, నేనెవరో ఎలా తెలుస్తుందని ధైర్యం చెప్పుకున్నాను.

మర్నాడు ఎవరో పెద్దాయన ఫోన్ చేశాడు. "జాకెట్లు కుట్టేది నువ్వేనా బిడ్డా? షాప్ ఏడున్నది?" గిరాకీ అనుకుని, సందు మలుపు దాకా గుర్తులన్నీ చెప్పాను. షాపు మా ఇంటి ముందు గదే.

ఆ మరునాటి పొద్దున మిషను ముందు కూర్చుని ఉండగా బయట కారు కుయ్ కుయ్ మంది. నా చేయి ఆగిపోయింది. గోడ మేకు వైపు చూశాను. తాళంచెవి అక్కడే వేలాడుతోంది. కారు మళ్లీ కుయ్ మంది, కవరు కింద లైట్లు వెలిగి ఆరాయి. అంత భయం నేను జన్మలో పడలేదు. మా ఆయన పనికి పోయాడు, ఇంట్లో నేనొక్కదాన్నే.

గడప దాటేసరికి భుజం మీద తువ్వాలతో ఒక ముసలాయన. బక్కగా ఉన్నాడు. మీసాలు లేవు. చేతిలో రెండో తాళంచెవి ఉంది. ఫోన్ నా ముందు పెట్టాడు. చలానా ఫోటోలో సగం తుడిచిన నంబరు, దాని పైన వెనకద్దం నిండా నేనే ముచ్చటపడి అంటించుకున్న స్టిక్కరు. షాపు పేరు, కింద నా సెల్ నంబరు, వేలెడంత అంకెలు. కారు నంబరు దాచి, నా నంబరు ఊరందరికీ చూపిస్తూ తిరిగానన్నమాట.

నేను పోయి కారు ముందు నిలబడ్డాను. "పైసలన్నీ ఇచ్చి కొన్న బాపూ. తీస్కపోతే నా మీదికెల్లి పోనియ్యి," అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన బెదిరిపోయాడు. "తీస్కపోనీకి నాకు డ్రైవింగే రాదు బిడ్డా. నా కొడుకు నడిపేటోడు, ఇప్పుడు లేడు," అని అరుగు మీద కూలబడ్డాడు. "డీలర్ సగం పైసలే ఇచ్చిండు. మిగతావి ఇస్తెనే ఆర్సీ ఇస్త అన్న. బండి ఇంకా షెడ్లనే ఉన్నదన్నడు. గీ ఫోటో చూసినకాడి నుంచి బువ్వ పోతలేదు. ఎవరన్నా ఈ బండి కిందపడి సస్తే, పోలీసులు ముందుగాల నా ఇంటికే వస్తరు గదా?"

ఆర్సీ ఆయన జేబులోనే ఉంది. డీలరు దగ్గర అది ఏనాడూ లేదు.

నేను వకీలమ్మకు ఫోన్ చేశాను. నోటీసు నేను పంపుతాను, ఇద్దరూ కలిసి కంప్లైంట్ ఇవ్వండంది. ఇచ్చాం. ఆ తర్వాత ఇద్దరం ఒకే ఆటోలో షెడ్డు ముందు దిగితే, డీలరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్కా అనలేదు, బాపూ అనలేదు. నీళ్లు తాగుతారా అని మాత్రం అడిగాడు.

ఆ రోజు మా ఇంటికొచ్చి, ఊరికి వెళ్లేముందు ముసలాయన తన తువ్వాలతో ప్లేటు మీద మిగిలిన పసుపంతా తుడిచాడు. "కనపడనియ్యి బిడ్డా," అన్నాడు. రెండో తాళంచెవి, ఆర్సీ తన దగ్గరే ఉంచుకున్నాడు, పైసలు వచ్చేదాకా. అప్పటి నుంచి బస్సుల్లోనే జాకెట్లు మోశాను. పొద్దున్నే ఆయన ఫోన్ చేసేవాడు, "బండి తియ్యలే గదా?" అని. ఆ గొంతు వినేదాకా నేనూ కిటికీ దగ్గరే ఉండేదాన్ని, కారు కుయ్ మంటుందేమోనని. ఆయనకు నేను బండి తీస్తానని భయం, నాకు ఆయన మనసు మార్చుకుంటాడని భయం. డీలరు మాత్రం హాయిగా నిద్రపోతున్నాడని తలచుకుంటే ఒళ్లు భగ్గుమనేది.

నోటీసు, కంప్లైంటు కలిసి పనిచేశాయి. డీలరు మిగతా డబ్బు కట్టాడు, ముసలాయన సంతకాలు పెట్టాడు, నా పేరుతో ఆర్సీ వచ్చింది. తాళంచెవి ఇవ్వడానికి ఆయన బస్సులో వచ్చాడు. తిరిగి నేనే కారులో వర్ధన్నపేటలో దింపాను. దారంతా ఆయన ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు.

దిగి, తలుపు మెల్లగా వేసి, కిటికీలోంచి చూశాడు. "ఇగ చలానా నా ఫోన్‌కు రాదు బిడ్డా," అన్నాడు.

తిరుగుదారిలో సంచిలో నా ఫోన్ టింగుమంది. ఇక చలానాలు వచ్చేది నా ఫోన్‌కే కదా. బండి పక్కకు ఆపి, తీసి చూశాను. జాకెట్టు అయిందా అక్కా అని ఎవరో పెళ్లికూతురు.